కొండలో ఉండిపోయిన వీపు

గంట మొదలయ్యేసరికి అతని చేతుల్లో ఏమీ లేదు. అదే అతనికి కొత్త. ముప్పై ఏళ్ళుగా ఆ చేతుల్లో కొలత టేపో, తాళాల గుత్తో, ఫోనో, అవేవీ లేకపోతే ఎదుటివాడి భుజమో ఉండాల్సిందే. ఇవాళ టేపూ తాళాలూ ఫోనూ, చేతి గడియారంతో సహా, గుహ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న కాపలా ఆవిడ ఒళ్ళో ఉన్నాయి. అతనికి మిగిలినవి రెండు మోకాళ్ళు, అందులో కుడిది అంత నమ్మదగ్గది కాదు. కూర్చోవడానికి ఒక రాతి గట్టు. ఎదురుగా గోడలోంచి బయటికి తోసుకొస్తున్నట్టు నాట్యం చేస్తున్న పది చేతుల శివుడు. వెనకాల, ఏదో ఒక స్తంభం పక్కన, ఆరేళ్ళుగా తన గడప తొక్కని బావమరిది. షరతులు మూడే. లేవకూడదు, మాట్లాడకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. ఒక్క గంట. అది గట్టెక్కితే బావమరిది రేపు పొద్దున్నే కార్ఖానాకి వస్తాడు. గట్టెక్కకపోతే రాడు, ఇక ఎవరూ ఎవరినీ ఏమీ అడగకూడదు.

బేరం మరీ సులువుగా తెగిందని అతనికి మొన్ననే అనుమానం వచ్చింది. ఊరి రెండో చివర, ఇళ్ళ తలుపుల పక్కన తగిలించే రాతి పలకల మీద పేర్లు చెక్కే ఇరుకు కొట్టు అది. బావమరిది ముక్కాలిపీట మీద వంగి ఎవరో వకీలు పేరు చెక్కుతున్నాడు, తల ఎత్తలేదు. "ఏం బావా, దారి తప్పావా?" అన్నాడు. "తప్పలేదురా, నీకోసమే వచ్చాను. ఇంటికి పోదాం పద." బావమరిది ఇంకో రెండు అక్షరాలు చెక్కాడు. ఆ తర్వాత, "ఆ శివుడి ముందు గంటసేపు కూర్చో. కదలకుండా. కూర్చుంటే వస్తా." "అంతేనా?" "అంతే." వ్యాపారంలో ఎవరైనా అంతే అన్నారంటే అతను సరుకుని ఇంకోసారి తిప్పి చూస్తాడు. కానీ ఇందులో తిప్పి చూడడానికేముంది, ఒక గంట, దానికి రెండు వైపులు ఉండవు కదా. ఇంటికొచ్చి చెబితే భార్య చేతిలో కుంచె కింద పెట్టి మరీ నవ్వింది. "మీరా? గంటా? భోజనం దగ్గర మూడుసార్లు లేచే మనిషి! మీరు గంట కూర్చుంటే నేను ఆ శివుడి పక్కన నిలబడి నాట్యం చేస్తాను." "దానికి పది చేతులుండాలి." "ఈ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచి నాకున్నవి పదేనండీ, మీరెప్పుడు లెక్కపెట్టారు గనక." నవ్వింది గానీ ఆ రాత్రి కంచాలు సర్దుతూ, అతని వైపు చూడకుండా, "కూర్చోండి. ఈ ఒక్కసారికి కూర్చోండి," అంది. ఆ గొంతు నవ్విన గొంతు కాదు. వాడు ఆమెకి ఒక్కడే తమ్ముడు.

ఎంతయి ఉంటుంది? అయిదు నిమిషాలా? పదా? గుహ పడమటి ముఖం, సాయంకాలపు ఎండ వాకిలి దాటి లోపలికి జరుగుతోంది, ఇప్పుడది శివుడి పాదాల దగ్గర వాయిద్యం వాయించేవాడి మోకాలి మీద ఉంది. అది పైకి పాకి ఎక్కడిదాకా వస్తే గంటవుతుందో తెలిస్తే బాగుండేది, ఒక లెక్క దొరికేది. నడుం దాకానా? గుండె దాకానా? లెక్క లేకుండా కూర్చోవడమంటే చీకట్లో తూకం వేయడమే. సరే, ఉన్న సరుకే లెక్కపెడదాం అనుకున్నాడు. చేతులు పది. పైన రెండు చేతులు పాముని సాగదీసి పట్టుకున్నాయి. ఒకదానిలో డమరుకం. ఒకటి ఏనుగు తొండంలా రొమ్ముని దాటి అవతలికి వాలింది. ఒకటి భయపడకు అంటోంది. ఒకటి మణికట్టు దగ్గర విరిగింది. వేళ్ళు యాభై ఉండాలి, విరిగినవి పోగా ముప్పై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాడు, ముప్పై తొమ్మిది. కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక ఒక వేలు ఇప్పుడే బయటపడింది. మూలన, తండ్రిని చూసి తనూ కాలు కదుపుతున్న చిన్న వినాయకుడు, బొజ్జ ఒక పక్కకి ఊగి ఆగిపోయింది. ఇటు పక్క అమ్మవారు, ఆవిడ నాట్యం చేయడం లేదు, చూస్తోంది. ఎన్ని వందల ఏళ్ళుగానో చూస్తోంది, కుర్చీ కూడా లేదు పాపం. ఆవిడకి ఇలాంటి షరతు ఎవరు పెట్టారో.

అతన్ని బజారంతా బొంగరం అంటుంది. ముఖం మీద కూడా అంటారు, అతనేమీ అనుకోడు, తిరుగుతున్నంతసేపే బొంగరం నిలబడుతుంది కదా అని నవ్వేస్తాడు. ఆ నవ్వు వెనకాల ఒక కుర్చీ ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. కిటికీ పక్కన చెక్క కుర్చీ. కొట్టు మూతపడ్డాక తండ్రి అందులో కూర్చున్నాడు, ఊరికే కాసేపు అన్నట్టు, అలా తొమ్మిదేళ్ళు కూర్చున్నాడు. జబ్బేమీ లేదు. లేవాల్సిన పని లేకపోయింది, అంతే. బడి నుంచి వచ్చేసరికి వీపు కనిపించేది, పొద్దున వెళ్ళేటప్పుడూ అదే వీపు. ఆ ఇంట్లో గడియారం కొట్టే ప్రతి గంటా ఆ వీపు మీద కొట్టినట్టుండేది. తను మాత్రం కూర్చోకూడదనుకున్నాడు, పదమూడేళ్ళకే అనుకున్నాడు, ఆ మాట మీద ఇన్నేళ్ళు నిలబడ్డాడు, అక్షరాలా నిలబడే ఉన్నాడు. ఇప్పుడీ గట్టు మీద కుడి మోకాలు లోపల్లోపల ఎవరో పిలుస్తున్నట్టు గుంజుతోంది. కూర్చుంటే లేవలేనేమో అన్న భయం మనిషికి ఎక్కడుంటుంది? గుండెలో అంటారు. కాదు, మోకాలి చిప్ప వెనక ఉంటుంది, చేయి పెడితే తగులుతుంది.

కాపలా ఆవిడ దగ్గింది. వెనకాల బావమరిది అలికిడి లేదు. ఉన్నాడా? చల్లగా జారుకున్నాడా? ఈ మనిషిని ఇక్కడ కూర్చోబెట్టి వెళ్ళి ఏ కొట్లోనో కూర్చుని నవ్వుకుంటున్నాడా? మెడ తిప్పితే తెలిసిపోతుంది. మెడ తిప్పకూడదు. మెడకి ఒక బరువుంటుందని, దాన్ని నిలబెట్టడం కూడా ఒక కూలిపనేనని అతనికి ఇవాళే తెలిసింది. ఎండ వాయిద్యగాడి మోకాలు దాటి చేతి మీదికొచ్చింది. ఆ చేయి డప్పు మీద పడబోతోంది. పడలేదు. పడబోతోంది. చిత్రం, ముప్పై ఏళ్ళుగా ఈ బొమ్మ అమ్ముతూ ఆ చేయి వాయిస్తోందనే అనుకున్నాడు. అది ఇంకా వాయించలేదు.

మొదటిసారి ఈ గుహకి తెచ్చింది బావమరిదే. అప్పటికి అతనికి ఒక షెడ్డూ, నాలుగు అచ్చులూ, గచ్చు పూలకుండీల వ్యాపారమూ ఉండేవి. పెళ్ళైన కొత్త. బావమరిది చేతిలో ఎప్పుడూ మట్టి ముద్ద పిసుకుతూ ఉండేవాడు, మాట తక్కువ. ఇదే గట్టు దగ్గర నిలబడి, "బావా, ఆ పని చేసినవాళ్ళు పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. ఇంకా కొట్టని కొండే వాళ్ళకి నిచ్చెన. దిగిన కొద్దీ ఆ నిచ్చెననే కొట్టేస్తూ దిగారు. తప్పు చేస్తే మళ్ళీ పైకి ఎక్కే దారి లేదు," అన్నాడు. అతనికి నచ్చింది ఆ పద్ధతి. తీసేసింది పోగా మిగిలిందే సరుకు. అతికించడం లేదు, పూత లేదు. "మరి తప్పు రాలేదా?" "వచ్చింది. ఆ ఆరో చేయి చూడు. రాయిలో నెర్రె అడ్డమొచ్చింది. అందుకే వెనక్కి మడిచేశాడు. చూసేవాడికి అది నాట్యంలో మెలికలా ఉంది." "నష్టాన్ని బాగా సర్దాడురా!" అన్నాడు అతను. బావమరిది అప్పుడు నవ్వాడు. ఆ నవ్వుతోనే వ్యాపారం మొదలైంది, దానికి ఇంకే పెట్టుబడీ లేదు. గోడని తాకనివ్వరు, ప్లాస్టర్ అద్దనివ్వరు. వాడు దారమూ పుల్లలూ పట్టుకుని పద్నాలుగు నెలలు వచ్చి పోయాడు, కంటితో కొలిచి మట్టిలో దించాడు. మూరెడు శివుడు. దాన్నుంచి అచ్చు. అచ్చు నుంచి పోత. భార్య కూర్చుని ప్రతి బొమ్మకీ రంగు తడిపి, తుడిచి, రాయి ముసలితనం తెచ్చేది. ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ ఉండేవాళ్ళు. కాదు, ఇద్దరు కూర్చునేవాళ్ళు, అతను తిరిగేవాడు.

ముందు అందరూ గోడకి తగిలించుకున్నారు. గోడకైతే చిక్కు లేదు, ముందు భాగం చాలు. తర్వాత బల్ల మీద పెట్టుకునేది కావాలన్నారు, హోటళ్ళవాళ్ళు, ఆఫీసులవాళ్ళు. బల్ల మీద పెడితే వెనకాల కూడా కనబడుతుంది. "వీపు చేసెయ్యరా," అన్నాడు అతను, తలుపుకి గొళ్ళెం పెట్టెయ్యరా అన్నంత తేలిగ్గా. బావమరిది అతని వంక అదోలా చూశాడు. "ఆయన వెనకాల కొండ ఉంది బావా. వీపు చెక్కలేదు. వీపు ఇంకా కొండలోనే ఉంది. నేనెక్కణ్ణుంచి తేను?" "వీపుదేముందిరా, అందరికీ ఒకటేగా." "అందరికీ ఒకటే అయితే ఒక్కటి చూపించు." చూపించాడు కూడా. మూటలు మోసే మనిషిని తెచ్చాడు, ఈత నేర్పే ఆయన్ని తెచ్చాడు. వాళ్ళు చొక్కాలు విప్పి నిలబడ్డారు, కాలెత్తమంటే ఎత్తారు. బావమరిది నాలుగు వీపులు చేసి నాలుగూ తనే చిదిమేశాడు. "నిలబడమంటే నిలబడిన వీపు అవుతుంది. ఆడమంటే ఆడేసిన వీపు అవుతుంది. ఆ శివుడు ఇంకా పాదం దించలేదు బావా. నాకు దించబోయే వీపు కావాలి." ఇలాంటి మాటలు విని విని అతని చెవులు చిల్లులు పడ్డాయి. అరవై బొమ్మలకి మాట ఇచ్చి ఉన్నాడు, పెట్టెలు కూడా సిద్ధం.

తర్వాత చేసింది అతను తలుచుకోదలుచుకోలేదు. కానీ ఈ గట్టు మీద లేచి పారిపోవడానికి వీల్లేదు కదా, ఏది వస్తే అది ఎదురుగా వచ్చి కూర్చుంటోంది. పక్క వీధిలో బట్టల దుకాణం మూసేస్తూ వాకిట్లో చొక్కాలు తొడిగే బొమ్మల్ని పడేశారు. అందులో చిన్నపిల్లల చొక్కాల బొమ్మ ఒకటి సరిగ్గా మూరెడుంది. బావమరిది నాలుగు రోజులు ఏదో రాళ్ళ పని మీద ఊరెళ్ళాడు. ఆ నాలుగు రోజుల్లో అతను దాని వీపుకి అచ్చు తీయించి, శివుడి ముందుకి అతికించి, అతుకు కనబడకుండా నున్నగా రుద్దించి, అరవై పోయించి పంపేశాడు. పెట్టెలో పట్టడానికి పక్క చేతులు కూడా వేలెడు లోపలికి నొక్కించాడు, అది ఇంతవరకు ఎవరికీ తెలియదు. భార్య మైనం రుద్దుతూ ఒక్క మాట అంది, "ఈ వీపుకి జన్మలో చెమట పట్టదు." అంతకుమించి ఏమీ అనలేదు. ఆవిడ అనకపోవడమే పెద్ద మాట, అతను మాత్రం దాన్ని ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాడు. బొమ్మలు పోయాయి. ఇంకా కావాలన్నారు, బావమరిది కంటపడకుండా ఊరవతల పోయించి పంపాడు. ఒక్కరంటే ఒక్కరు కూడా వీపు చూసి ఏమీ అనలేదు, అదే అతని ధైర్యం. ఆ పైయేడు బావమరిదికి పన్ను పోటు వచ్చి దంతవైద్యుడి దగ్గర కూర్చున్నాడు. అక్కడ బల్ల మీద శివుడు గోడ వైపు తిరిగి ఉన్నాడు. శుభ్రం చేసినవాళ్ళు అలా పెట్టి ఉంటారు. వాడు పన్ను పీకించుకోకుండానే లేచి వచ్చేశాడు. బుగ్గ వాచి ఉంది, ఉలులు మూట కట్టుకున్నాడు, మట్టి శివుణ్ణి ఎత్తి షెడ్డు నేల మీద వదిలాడు. పగిలిన చప్పుడు పెద్దగా రాలేదు, కాల్చని పచ్చి మట్టి కదా. అక్క ఏడుస్తుంటే, "ఏం లేదక్కా, పన్ను నొప్పి," అన్నాడు.

ఫోను మోగింది. కాపలా ఆవిడ ఒళ్ళో. అతని ఒళ్ళంతా ఒక్కసారి లేచింది, ఎముకలు లేచాయి, రక్తం లేచింది, ఆఖరికి చొక్కా గుండీలు కూడా లేవబోయినట్టు అనిపించింది. నడుం మాత్రం గట్టుకి అంటుకుని ఉండిపోయింది. ఎలా ఉండిపోయిందో అతనికే తెలియదు. నాట్యం నేర్పే మేడమ్ అయి ఉంటుంది, ఈ వేళకి చేస్తానంది. "ఏమండీ, మోగుతోంది. తీయనా?" అని అరిచింది కాపలా ఆవిడ. మాట్లాడకూడదు. తల ఊపితే మాట్లాడినట్టా? వెనకాల ఉన్నవాడిని అడగడానికి లేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆవిడే తీసింది. "హలో... ఆఁ, ఉన్నారండీ... లేదండీ, మాట్లాడరు, నాట్యం చూస్తున్నారు... ఎవరిదేంటండీ, దేవుడిదే... ఏమోనండీ, ఇంకా అవలేదు, మొదలెట్టి వెయ్యేళ్ళు దాటిందిట." పెట్టేసింది. అతను పెదవులు బిగించి మళ్ళీ రాతి వేళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

ఆ మేడమ్‌వల్లే ఇదంతా. గుండ్రంగా కట్టిన నాట్యశాల, నడి మధ్యలో మనిషెత్తు శివుడు కావాలి, పిల్లలు చుట్టూ తిరుగుతూ అడుగులు వేస్తారు. నమూనాకి తెచ్చిన బొమ్మని ఆవిడ బల్ల మీద ఒక చుట్టు తిప్పింది, రెండో చుట్టు తిప్పింది. "ముందు నుంచి చూస్తే తాండవం. వెనక నుంచి చూస్తే దర్జీ దగ్గర కొలతలిస్తున్నట్టుంది. ఎవరిదండీ ఈ వీపు?" అంది. ఆమె అటు వెళ్ళాక అతను కూడా చూశాడు. నిజంగా, అన్నేళ్ళలో మొదటిసారి చూశాడు. ముందు భాగం కూడా ఏమంత గొప్పగా లేదు. పాత అచ్చులో పోసి పోసి వేళ్ళు మొద్దుబారాయి, ముఖం అరిగిన సబ్బు బిళ్ళలా ఉంది, పాముకీ తాడుకీ తేడా లేదు. ఇంకో ఏడాది ఆగితే ఆ అచ్చులోంచి వచ్చేదాన్ని శివుడని అతనే చెప్పుకోవాలి. కొత్తది చేయగల చేయి ఒక్కటే ఉంది, అది ఊరి చివర వకీళ్ళ పేర్లు చెక్కుతోంది. అందుకు వెళ్ళాడు. అందుకే వెళ్ళాడా? బజారులో ఎవరైనా అడిగితే అందుకే అంటాడు. కానీ ఇంట్లో అన్నం తినేటప్పుడు భార్య ఇప్పటికీ మూడో కంచం తీసి, చూసుకుని, మళ్ళీ లోపల పెడుతుంది. అది అతను చూడనట్టు ఆరేళ్ళు లేచి చేయి కడుక్కున్నాడు. ఈ రెంటిలో ఏది బరువని ఇప్పుడు తూచబోతే తక్కెడ కదలడం లేదు.

ఎండ శివుడి తొడ మీదికొచ్చింది. ఎప్పుడు వచ్చింది? కిందటిసారి చూసినప్పుడు పిక్క దగ్గరే ఉంది. ఎండ ఎక్కిన చోటల్లా రాయి రంగు మారి లోపల ఏదో వేడెక్కినట్టుంది, కింది నుంచి తగిలిన ఆ వెలుగుకి చేతుల నీడలు ఒకదాని మీద ఒకటి పడి గోడ మీద ఇరవై చేతులయ్యాయి, అందులో ఏవి రాతివో ఏవి నీడవో విడదీయడం కష్టం. ఎడమ మడమ చూశాడు. నేలకీ దానికీ మధ్య రెండు వేళ్ళ సందు. ఆ సందులోకి ఎండ దూరింది. తన బొమ్మల్లో ఆ సందు లేదు, అచ్చులో ఇరుక్కుంటుందని పూడ్పించేశాడు. అంటే ఇన్నేళ్ళుగా ఆయన్ని నేల మీద నిలబెట్టి అమ్ముతున్నాడు. ఇక్కడ మాత్రం ఆయన దిగలేదు. దిగబోతున్నాడు. తుంటి ఒక పక్కకి తోసుకుంది, రొమ్ము ఇంకో పక్కకి, మధ్యలో పొట్ట మెలి తిరిగింది. ఇంత మెలి ముందు వైపు ఉందంటే వెనక వైపు ఎంత ఉండాలి! వెన్ను తాడు పేనినట్టు పేనుకుని ఉండాలి, ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి, నడుం దగ్గర లోతుగా పల్లం. వాడన్నది ఇదా? కొండలో ఉందన్నది ఇదా? అతని వీపు మీద చెమట పాకింది, చొక్కా తడిసి చర్మానికి అతుక్కుంది, దాన్ని లాగి విదిలించుకోవాలని చేయి లేచింది, మళ్ళీ దించుకున్నాడు. చేయి కదిలితే లేచినట్టు కాదేమో, కానీ ఎందుకొచ్చిన గొడవ.

అప్పుడు విన్నాడు, వెనకాల ఏదో చప్పుడు. చప్ మని. కాసేపాగి మళ్ళీ చప్. తర్వాత గోకినట్టు సన్నగా. ఏం తింటున్నాడు వీడు? కాదు. చెప్పుకి అంటిన బురద గీక్కుంటున్నాడా? గాలి ఇటు తిరిగింది. వాసన. తడి గోనెగుడ్డ, దాని వెనకే బంకమట్టి. ఆరేళ్ళ తర్వాత ఆ వాసన ముక్కుకి తగిలేసరికి అతనికి షెడ్డులో పొద్దుటి పూట గుర్తొచ్చింది, బల్లకి అటు అక్క, ఇటు తమ్ముడు, ఇద్దరూ ఒకేలా నాలిక పంటి కింద పెట్టుకుని వంగి పని చేసుకోవడం, తను వాళ్ళ మధ్య నుంచి పోతూ ఎప్పుడవుతుంది ఎప్పుడవుతుంది అని అడగడం. వాడు పని మొదలెట్టేశాడు! శివుణ్ణి మళ్ళీ దించుతున్నాడు, ఇక్కడే, ఇప్పుడే, షరతు తీరకముందే. అతని లోపలి వ్యాపారి చంకలు గుద్దుకున్నాడు. పద్నాలుగు నెలల పని పది నెలల్లో తేల్చొచ్చు. మేడమ్‌కి ఇవాళే చెప్పొచ్చు. లేచి ఒక్కసారి చూస్తే చాలు, ముఖం ఎంతవరకు వచ్చిందో, వేళ్ళు ఎలా పెట్టాడో. ఒక్క చూపు. మెడ నరం బిగిసింది. ఎడమ భుజం తనంతట తనే వెనక్కి జరిగింది, నడుం మెలి తిరగబోయింది, కుడి మడమ నేల మీద నుంచి లేచింది.

లేచి, అలాగే ఆగింది. ఎందుకు ఆపాడో తర్వాత ఎంత వెతికినా అతనికి దొరకలేదు. షరతు గుర్తొచ్చి కాదు. మూడో కంచం గుర్తొచ్చీ కాదు. ఎదురుగా ఎండ శివుడి రొమ్ము మీదికొచ్చింది, తొండంలాంటి ఆ చేయి ఒక్క క్షణం గోడ నుంచి విడిపోయి గాల్లో ఉన్నట్టనిపించింది, అంతే, అటే చూస్తూ ఉండిపోయాడు. వెనకాల చప్పుడు కూడా ఆగింది. కాపలా ఆవిడ దగ్గు ఆగింది. మోకాలి నొప్పి ఎక్కడికీ పోలేదు, ఉంది, ఇంకా పెరిగింది, కానీ అది పక్కింటి వాళ్ళ గొడవలా గోడ అవతల నుంచి వినిపించింది. ఎంతసేపో. వినాయకుడి బొజ్జ ఊగబోతోంది. డప్పు మీద చేయి పడబోతోంది. పాదం దిగబోతోంది. తను లేవబోతున్నాడు. గుహలో ఉన్నవాళ్ళంతా ఒకే పనిలో ఉన్నారు.

"అయిపోయిందండీ మీ గంట," అంది కాపలా ఆవిడ. "అయిపోయి పది నిమిషాలైంది కూడా. ఈయన చెప్పొద్దని సైగ చేస్తుంటే ఊరుకున్నా. నాకూ ఇల్లుంది కదండీ, తాళం వేసుకోవాలి."

"ఇక తిరుగు బావా."

తిరగడం చేతకాలేదు. చేతులు ఆనించి, మోకాలిని బతిమాలుకుని, ముక్కలుముక్కలుగా తిరిగాడు. బావమరిది స్తంభం మొదట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మోచేతుల దాకా మట్టి. ముందు పలక మీద మూరెడు మట్టి ముద్ద. అందులో శివుడి ముఖం లేదు. చేతులు లేవు. వీపు ఒక్కటే ఉంది. ఒక భుజం పైకి లేచింది, ఒకటి దిగింది, వెన్ను పేనిన తాడులా మెలి తిరిగి నడుం పల్లంలోకి దూకి అక్కడ ఆగిపోయింది. ఆగలేదు, ఆగబోతోంది. అది చూస్తుంటే మనిషికి ఊపిరి తీసుకోవడం గుర్తుండదు.

"ఎవరిదిరా?" అన్నాడు అతను.

కాపలా ఆవిడ తాళాలు మోగిస్తూ వచ్చి తొంగిచూసి పకపకా నవ్వింది. "అయ్యో, తెలియదా? మీదేనండీ! ఎవరి వీపు వాళ్ళకేం తెలుస్తుంది లెండి."

"నువ్వు ఒక్కసారి కూడా లేవలేదు బావా," అన్నాడు బావమరిది వేలితో మట్టి సర్దుతూ. "కానీ ఇందాకటి నుంచి లేస్తూనే ఉన్నావు. ఫోను మోగినప్పుడైతే చూడాలి! ఎంతమందిని తెచ్చావు అప్పట్లో, వాళ్ళకి నిలబడడం వచ్చు, ఆడడం వచ్చు. ఈ మధ్యది ఎవడికీ రాలేదు. ఇన్నేళ్ళు ఇంట్లోనే ఉంది, నీ వీపు చూడాలంటే నువ్వు ఒక్క నిమిషం ఆగితే కదా."

"అంటే నన్ను కూర్చోబెట్టింది ఇందుకా?"

"మొదట ఇందుకు కాదు. నిన్ను ఏడిపిద్దామనే," అన్నాడు. అని, ఆరేళ్ళ తర్వాత, పళ్ళు కనబడేలా నవ్వాడు. అందులో ఒక పన్ను లేదు.

అతను ఆ వీపు వైపు వంగి చూశాడు. "దీనికి అచ్చు ఎప్పుడు తీయొచ్చురా?" అని నోటి దాకా వచ్చింది, నోరు దాటింది కూడా.

"మొదలెట్టావూ!" అన్నాడు బావమరిది. "ముందు ఆ చొక్కాల బొమ్మ అచ్చు పగలాలి. నేను పగలగొట్టను, నువ్వే పగలగొట్టాలి."

"పక్క చేతులు కూడా నేను లోపలికి నొక్కించానురా. పెట్టెలో పట్టక," అన్నాడు అతను. ఎవరూ అడగలేదు. మడమ సంగతీ చెప్పాడు. బావమరిది వింటూ గోనెగుడ్డ తడిపి మట్టి మీద కప్పుతున్నాడు. తర్వాత, "తెలుసు. దంతాల డాక్టరు దగ్గర అదీ చూశాను," అన్నాడు.

కిందికి వంద మెట్లు. పలక మోయడానికి బావమరిదికి ఇవ్వబోతే వాడు తీసుకోలేదు, సంచీలో తన సామాన్లు ఉన్నాయన్నాడు. తడి మట్టి, కుదిపితే జారుతుంది. అతను దాన్ని రెండు చేతులా రొమ్ముకి దగ్గరగా పట్టుకుని, ఒక్కో మెట్టూ పాదంతో తడుముకుంటూ దిగాడు. బజారులో ఎవరైనా చూస్తే నమ్మరు. బావమరిది ముందు నడుస్తున్నాడు. ఇన్నేళ్ళలో వాడెప్పుడూ ముందు నడవలేదు, తనే పరుగులాంటి నడకతో ముందుండేవాడు, వాడు వెనకాల ఎక్కడో వస్తున్నాడని అడుగుల చప్పుడే తెలుసు. ఇప్పుడు చూశాడు. మెడ మీద జుట్టు నెరిసింది. పలకల మీద వంగి వంగి కుడి భుజం జారింది. చొక్కా వెనక చిరిగిన చోట ఎవరో మగవాడు కుట్టిన వంకర కుట్టు, అది వాడిదే. ఆ పూట అతనికి ఒక గంట పోయింది, దాని మీద పది నిమిషాలు అదనంగా పోయాయి, మోకాలు ఒకటి వారం రోజులు పనికి రాదు. వచ్చింది మాత్రం మెట్టుకి ఒకటి చొప్పున వస్తూనే ఉంది, ముందు నడుస్తున్న ఆ వీపు మీద ఆరేళ్ళు ఎక్కడెక్కడ కూర్చున్నాయో అతను మొత్తం చూశాడు, ఒక్కటీ వదలకుండా, కింద నేల వచ్చేదాకా.